గుంట గట్టున కోటిన్నర వరుసలు: ఎస్‌క్యూలైట్‌లో ఒక పెద్ద తొలగింపు, నా అనుభవం

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, ఇందుకూరుపేట మండలంలో మా చిన్నాన్నకు ఆరు రొయ్యల గుంటలున్నాయి. గట్టు మీది మోటారు షెడ్డులో నేను అమర్చిన చిన్న పెట్టె ఒకటి ఉంది. అందులో ఒక రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు, 16 జీబీ మెమరీ కార్డు, కరెంటు పోయినా కొన్ని గంటలు నడిపే బ్యాటరీ ఉంటాయి. గుంటల్లోకి దించిన సెన్సార్లు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే మా రైతులు డీఓ అని పిలిచేదాన్ని, దానితోపాటు ఉష్ణోగ్రతను, పీహెచ్‌ను ప్రతి 10 సెకన్లకు ఒకసారి పంపుతాయి. ఒక ప్రోగ్రాం వాటిని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో, అంటే లెక్కలన్నీ టేబుళ్లుగా ఒకే ఫైలులో దాచే సాఫ్ట్‌వేర్‌లో, ఒక్కో రీడింగుకు ఒక వరుసగా రాస్తుంది. మరొక ప్రోగ్రాం అదే డేటాబేస్‌లోంచి తాజా రీడింగులు చదివి, డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగువకు జారుతుంటే సైరన్ మోగించి, చిన్నాన్న ఫోన్‌కు సందేశం పంపుతుంది. ఈ పెట్టెలోని పాత వరుసలను తీసేయబోయి ఒక రాత్రంతా ఆ సైరన్‌ను మూగపరిచాను. అది ఎలా జరిగిందో, ఆ తొలగింపును చివరికి ఎలా నిమిషాల పనిగా మార్చగలిగానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒక గుంటకు రోజుకు 8,640 రీడింగులు వస్తాయి. ఆరు గుంటలకు కలిపి 51,840. పెట్టె పెట్టిన 390 రోజులకు వరుసలు రెండు కోట్లు దాటాయి, ఫైలు దాదాపు 3 జీబీ అయింది. వనామి రకం రొయ్యల పంట సుమారు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది కనుక అంతకుముందు పంటల పది సెకన్ల లెక్కలు ఎవరికీ అక్కరలేదు. 90 రోజులవి ఉంచి మిగిలినవి తీసేద్దామనుకున్నాను. అలా తీయవలసినవి 1,55,52,000 వరుసలు. తేదీ షరతుతో ఒక్క డిలీట్ వాక్యం రాసి, పని లేని వేళ కదా అని రాత్రి పదింటికి నెల్లూరులోని ఇంటి నుంచే నడిపించి పడుకున్నాను. అంత ధీమాకు ఒక కారణం ఉంది. అంతకుముందు పరీక్ష కోసం పెట్టుకున్న ఒక టేబుల్‌లోని లక్షల వరుసలను వేర్ షరతు (ఏ వరుసలు తీయాలో చెప్పే భాగం) లేకుండా తీసినప్పుడు అది కనురెప్ప పాటులో ఖాళీ అయింది. షరతు గాని, ట్రిగ్గర్లు (వరుస మారినప్పుడల్లా వాటంతట అవే నడిచే ఆదేశాలు) గాని, ఆ టేబుల్‌ను ఆధారం చేసుకున్న వేరే టేబుల్ గాని లేనప్పుడు ఎస్‌క్యూలైట్ వరుసలను ఒక్కొక్కటిగా చూడదని, టేబుల్ పేజీలన్నింటినీ (ఫైలును విభజించిన సమాన ముక్కలను) ఒకేసారి ఖాళీవిగా గుర్తిస్తుందని అప్పటికి నాకు తెలియదు. షరతు ఉన్న డిలీట్ కూడా అంతే వేగంగా నడుస్తుందని నమ్మాను.

తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా చిన్నాన్న ఫోన్ చేశాడు. "ఏంది అబ్బయా, రెండో గుంటలో రొయ్యలు తేలి గట్టుకొచ్చినయ్యి. నీ పెట్టె మోగనే లేదే?" అప్పటికే కాపలా మనిషి టార్చి వేసి చూసి, ఆపి ఉంచిన ఏరియేటర్లన్నీ (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) వేసేశాడు. అతను ఆ వేళప్పుడు గట్టు మీద తిరుగుతూ ఉండడం వల్లనే ఆ గుంట దక్కింది. నేను బండి మీద వెళ్లి చూసేసరికి డిలీట్ ఇంకా నడుస్తూనే ఉంది. రాసే ప్రోగ్రాం లాగ్‌లోనూ, హెచ్చరించే ప్రోగ్రాం లాగ్‌లోనూ రాత్రి పది దాటినప్పటి నుంచి ఒకే మాట వరుసగా కనిపించింది: డేటాబేస్ తాళం వేసి ఉంది.

ఆ సమయంలో రెండు పనులు చేయబోయాను. డిలీట్‌ను బలవంతంగా ఆపడం ఒకటి, డేటాబేస్ పక్కనే పెరిగిపోయిన జర్నల్ ఫైలును తీసేయడం రెండోది. మొదటిది చేశాను, రెండోదాని దగ్గర చెయ్యి ఆగింది. ఆగడమే మంచిదైంది. ఈ జర్నల్ పద్ధతిలో ఎస్‌క్యూలైట్ ఒక పేజీని మార్చే ముందు దాని పాత రూపాన్ని జర్నల్‌లోకి నకలు తీసుకుంటుంది. పని మధ్యలో ఆగిపోతే, తర్వాత డేటాబేస్‌ను తెరిచిన ప్రోగ్రాం ముందుగా ఆ నకళ్లన్నింటినీ వెనక్కి పెట్టి, డేటాబేస్‌ను పాత స్థితికి తెస్తుంది. జర్నల్‌ను చేత్తో తీసేసి ఉంటే సగం మారిన పేజీలతో డేటాబేస్ చెడిపోయి ఉండేది. నకళ్లు వెనక్కి పెట్టడానికి మరో ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ చేతి మీటరు పట్టుకుని ఆరు గుంటల చుట్టూ తిరిగాను. ఆరు గంటల డిలీట్ ఫలితంగా ఒక్క వరుస కూడా తగ్గలేదు.

మరుసటి రోజు ఎండ వచ్చాక, ప్రోగ్రాములు రెండూ ఆపి, ఫైలును నకలు తీసుకుని ల్యాప్‌టాప్‌లో పరిశీలన మొదలుపెట్టాను. మొదట అనుమానం వచ్చింది షరతు మీదే. సమయాన్ని అక్షరాల రూపంలో దాచి, షరతులో ఆ నిలువు వరుసకు డేట్ ఫంక్షన్ తగిలించాను. అలా ఫంక్షన్ తగిలిస్తే సమయం మీద ఉన్న ఇండెక్స్ (కావలసిన వరుసను త్వరగా వెతికిపెట్టే సూచిక) పనికిరాదు, టేబుల్ మొత్తం చదవవలసిందే. వెతికే దారిని చూపే ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ అడిగితే సెర్చ్ (ఇండెక్స్‌తో వెతకడం) అని రావలసిన చోట స్కాన్ (మొత్తం చదవడం) అని వచ్చింది. దాన్ని సరిచేశాను, కానీ ఒరిగింది కొంచెమే. తీయవలసినది టేబుల్‌లో నాలుగింట మూడు వంతులైనప్పుడు మొత్తం చదవడం అంత పెద్ద నష్టం కాదు. ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు చాలామంది షరతు దగ్గరే ఆగిపోతారు. నేనూ ఒక పూట అక్కడే గడిపాను.

అసలు కారణం వేరే టేబుల్‌లో దొరికింది. సైరన్ మోగిన ప్రతిసారీ హెచ్చరికల టేబుల్‌లో ఒక వరుస చేరుతుంది, అందులో ఏ రీడింగు వల్ల మోగిందో ఆ రీడింగు సంఖ్య ఉంటుంది. రీడింగు పోతే దాని హెచ్చరికా పోవాలని ఫారిన్ కీ, అంటే ఒక టేబుల్ వరుసను మరో టేబుల్ వరుసకు కట్టే ముడి, పెట్టాను. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ మామూలుగా నడవదు, ప్రతి కనెక్షన్‌లోనూ ప్రాగ్మా అనే సెట్టింగు ఆదేశంతో విడిగా నడపాలి. అది శ్రద్ధగా నడిపాను, కానీ హెచ్చరికల టేబుల్‌లో రీడింగు సంఖ్య మీద ఇండెక్స్ పెట్టలేదు. తల్లి టేబుల్‌లోని (ఇక్కడ రీడింగులది) ప్రైమరీ కీకి, అంటే వరుసను గుర్తించే సంఖ్యకు, ఇండెక్స్ దానంతట అదే ఉంటుంది. పిల్ల టేబుల్‌లోని (ఇక్కడ హెచ్చరికలది) నిలువు వరుసకు మనం పెడితేనే ఉంటుంది. అందువల్ల ఒక్కో రీడింగు తీసేటప్పుడు, దీన్ని పట్టుకున్న హెచ్చరిక ఏదైనా ఉందా అని ఎస్‌క్యూలైట్ హెచ్చరికల టేబుల్‌ను మొదటి నుంచి చివరి దాకా చూసింది. అందులో ఉన్నవి 6,000 వరుసలే. కానీ కోటిన్నర సార్లు ఆరేసి వేలు చూడడమంటే 9,300 కోట్లకు పైగా చూపులు. అంత చిన్న టేబుల్‌ను అనుమానించాలని కూడా నాకు తోచలేదు. ఎస్‌క్యూలైట్ షెల్‌లో డాట్ లింట్ అనే ఆదేశానికి ఎఫ్‌కీ ఇండెక్సెస్ అని చేరిస్తే, ఇలా ఇండెక్స్ లేని ఫారిన్ కీలను అదే వెతికి, పెట్టవలసిన ఇండెక్స్‌ను రాసి చూపిస్తుంది. ఆ వాక్యాన్ని అలాగే నడిపాను, క్షణంలో పూర్తయింది. ల్యాప్‌టాప్‌లో లక్ష వరుసల తొలగింపుకు అంతకుముందు 24 సెకన్లు పట్టేది, తర్వాత 2 సెకన్లు పట్టింది.

ఆ ల్యాప్‌టాప్ లెక్కతో తృప్తి పడి ఉంటే మళ్లీ పొరబడేవాణ్ణి. అదే ఫైలును మరొక మెమరీ కార్డులో వేసి, విడిగా ఉన్న ఇంకో రాస్ప్‌బెర్రీలో నడిపితే లక్ష వరుసలకు నిమిషానికి పైగా పట్టింది. ల్యాప్‌టాప్ డిస్క్ ఓర్చుకుంటున్నది ఏదో ఈ కార్డు ఓర్చుకోవడం లేదని అర్థమైంది. అది ఇండెక్సుల పని. ఎస్‌క్యూలైట్‌లో టేబుల్ ఒక బీ-ట్రీ, అంటే క్రమంలో పేర్చిన పేజీల చెట్టు, ప్రతి ఇండెక్సూ మరొక బీ-ట్రీ. ఒక వరుసను తీయడమంటే దాన్ని ఆ చెట్లన్నింటిలోంచీ తీయడం. నా రీడింగుల టేబుల్‌కు మూడు ఇండెక్సులుండేవి: సమయం మీద ఒకటి, గుంట సంఖ్య, సమయం కలిపి ఒకటి, డీఓ విలువ మీద ఒకటి. మొదటిదానిలో పాత వరుసలన్నీ ఒక కొసన బారుగా ఉంటాయి. పేజీ తర్వాత పేజీ పూర్తిగా ఖాళీ అవుతూ పోతుంది. రెండోదానిలో ఆరు బారులుగా ఉంటాయి, అదీ ఫరవాలేదు. మూడోది అలా కాదు. నిరుడు 5.2 చూపిన రీడింగూ, నిన్న 5.2 చూపిన రీడింగూ అందులో ఒకే పేజీలో పక్కపక్కన కూర్చుంటాయి. సమయం ప్రకారం ఒక్కో వరుసను తీస్తూ పోతే, ఒక్కొక్కటికీ ఆ ఇండెక్స్‌లో ఎక్కడెక్కడి పేజీనో తెచ్చి, అందులో ఒక్క గడిని తీసి, తిరిగి రాయాలి. పేజీ పరిమాణం 4,096 బైట్లు. ఎస్‌క్యూలైట్ తనంతట తాను వాడుకునే జ్ఞాపకం దాదాపు 2 ఎంబీ. కొన్ని వందల ఎంబీల ఇండెక్స్ ఆ రెండు ఎంబీలలో ఇమడదు కనుక, తెచ్చిన పేజీ మళ్లీ అవసరమయ్యే లోపే బయటికి పోతుంది. అక్కడక్కడ చిన్న చిన్న రాతలు రాయడం మెమరీ కార్డుకు అన్నింటికంటే కష్టమైన పని, కార్డు ఆయుష్షుకూ చేటు.

ఆ డీఓ ఇండెక్స్‌ను ఒకసారి ఏదో నివేదిక కోసం పెట్టి మరిచిపోయాను. దాన్ని తీసేశాను, ఏ ప్రశ్నా నెమ్మదించలేదు. కాష్ (పేజీలను ఉంచుకునే జ్ఞాపకం) పరిమాణాన్ని ప్రాగ్మాతో 64 ఎంబీకి పెంచాను. నా దగ్గరున్న ఎస్‌క్యూలైట్‌లో సెక్యూర్ డిలీట్ అనే ఏర్పాటు ముందే నడుస్తూ ఉంది. అది తీసేసిన చోటునల్లా సున్నాలతో నింపుతుంది. గుంట నీళ్ల లెక్కలలో రహస్యమేమీ లేదు కనుక దాన్ని ఆపాను. ఇవన్నీ అయ్యాక కార్డు మీద లక్ష వరుసలకు పట్టిన సమయం 10 సెకన్ల లోపుకు వచ్చింది.

ఇక మిగిలింది తాళం విషయం. వేగం పెరిగినంత మాత్రాన అది తీరదు, గుంటకు సంబంధించినంత వరకు వేగం కంటే అదే ముఖ్యం. ఎస్‌క్యూలైట్‌లో ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. జర్నల్ పద్ధతిలో రాత మొదలైనా, మార్పులు జ్ఞాపకంలో ఇమిడినంత సేపు చదివేవాళ్లు చదువుకోవచ్చు. ఇమడక పేజీలు ఫైలులోకి ఒలికిన క్షణం నుంచి పని పూర్తయ్యేదాకా చదివేవాళ్లకు కూడా తలుపు మూసుకుంటుంది. 2 ఎంబీ నిండడానికి నా డిలీట్‌కు ఎంతోసేపు పట్టి ఉండదు. అందుకే రాసే ప్రోగ్రాంతోపాటు, కేవలం చదివే సైరన్ ప్రోగ్రాం కూడా రాత్రంతా బయటే నిలబడిపోయింది. 2010లో ఎస్‌క్యూలైట్ 3.7.0తో వచ్చిన వాల్ (రైట్-అహెడ్ లాగ్) పద్ధతిలో మార్పులు విడి ఫైలు చివర చేరుతూ పోతాయి కనుక, ఒకరు రాస్తున్నా చదివేవాళ్లు ఆగనక్కరలేదు. ఆ పద్ధతికి మారాను. అయినా ఒకేసారి కోటిన్నర వరుసల పని పెడితే వాల్ ఫైలు కొండలా పెరుగుతుంది, రీడింగులు రాసే ప్రోగ్రాం అంతసేపూ ఆగవలసే వస్తుంది. కాబట్టి పనిని ముక్కలు చేయక తప్పదు.

ముక్క ఎంత ఉండాలన్నది కార్డు మీదే తేల్చుకున్నాను. ఒక్కొక్క వరుసను ఒక్కొక్క ట్రాన్సాక్షన్‌గా (మొత్తం జరిగితే జరిగే, లేకపోతే అసలు జరగని ఒక పనిగా) తీస్తే, మార్పు కార్డు దాకా చేరిందని ప్రతిసారీ నిర్ధారించుకోవడానికే సమయమంతా పోతుంది. లక్షేసి తీస్తే తాళం పది సెకన్లు పడుతుంది, అంటే ఒక రీడింగు సమయం దాటిపోతుంది. 5,000 వరుసలకు సెకను లోపే అవుతోంది, ఆ తర్వాత రెండు సెకన్లు ఆగితే రాసే ప్రోగ్రాంకు వంతు దొరుకుతుంది. ఎస్‌క్యూలైట్‌లో డిలీట్‌కు లిమిట్ (ఇన్ని వరుసలే అనే పరిమితి) పెట్టడం అన్నిచోట్లా కుదరదు, తయారుచేసేటప్పుడే ఆ వెసులుబాటు కలిపి ఉండాలి. నాకు దాని అవసరం రాలేదు. రీడింగు సంఖ్యలు కాలక్రమంలోనే పెరుగుతాయి కనుక, తీయవలసిన ఆఖరి సంఖ్యను ఒకసారి కనుక్కుని, అక్కడిదాకా ఐదేసి వేల సంఖ్యల చొప్పున ఈ సంఖ్య నుంచి ఆ సంఖ్య వరకు అని తీస్తూ పోయాను. ప్రతిసారీ వెతుకులాట లేదు, టేబుల్ చెట్టు ఒక కొస నుంచి నున్నగా తరుగుతూ వస్తుంది.

ఈ విధంగా పరీక్ష పెట్టెలో (విడిగా ఉన్న ఆ రాస్ప్‌బెర్రీలో) కోటిన్నర వరుసలు తీయడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది, ఒక్క రీడింగూ తప్పిపోలేదు. కానీ అంతా అయ్యాక ఫైలు చూస్తే అదే 3 జీబీ ఉంది. ఖాళీ అయిన పేజీలు ఫైలులోనే ఒక జాబితాలో చేరతాయని, కొత్త వరుసలు వచ్చి వాటిని వాడుకుంటాయని, ఫైలు చిన్నది కావాలంటే వ్యాక్యూమ్ (ఖాళీలు లేకుండా ఫైలును తిరిగి రాయడం) చేయాలని అప్పుడు చదివి తెలుసుకున్నాను. వ్యాక్యూమ్‌కు అసలు ఫైలుకు రెండింతల దాకా ఖాళీ చోటు అవసరం కావచ్చు. కార్డులో ఉన్న ఖాళీ 4 జీబీ.

అప్పుడు లెక్కను తిరగేసి చూశాను. తీయవలసినవి కోటిన్నర అయితే, ఉంచవలసినవి 46,65,600 మాత్రమే. ఉన్నవాటిలోంచి తీయడం మాని, కావలసినవాటిని కొత్త ఫైలులోకి తీసుకుపోతే తొలగింపు అనే పనే ఉండదు. కొత్త డేటాబేస్ ఫైలు సృష్టించి, దాన్ని అటాచ్ చేసి (పాత డేటాబేస్‌తోపాటు ఒకే కనెక్షన్‌లో తెరిచి), 90 రోజుల రీడింగులను సంఖ్యల క్రమంలోనే ఒక్క ట్రాన్సాక్షన్‌లో అందులోకి పోసి, వాటి హెచ్చరికలను కూడా చేర్చి, ఇండెక్సులను అన్నీ చేరాకే కట్టాను. ఇండెక్స్ ముందే ఉంటే ప్రతి వరుసకూ దాన్ని సర్దాలి, చివర్లో కడితే ఒకేసారి వరుసబెట్టి కడుతుంది. పరీక్ష పెట్టెలో ఇదంతా 11 నిమిషాల్లో అయింది. పైగా కొత్త ఫైలులో ఖాళీ పేజీలుండవు, వ్యాక్యూమ్ అవసరం రాదు. పాత ఫైలులోని లెక్కలు పూర్తిగా పోవడం చిన్నాన్నకు ఇష్టం లేదు. అందుకని పది నిమిషాలకొక సగటు తీసి చిన్న టేబుల్‌లో ఉంచాను. రోజుకు 51,840 వరుసలకు బదులు 864 వరుసలు. ఏ పంటలో ఏ రాత్రి డీఓ ఎంతకు పడిందో చూసుకోవడానికి అవి చాలు. సగటుతో లోతు తెలియకుండా పోతుంది కనుక, ఆ పది నిమిషాలలో అతి తక్కువ విలువను కూడా పక్కన రాసి పెట్టాను.

అసలు పెట్టెలో ఈ మార్పిడిని పగలు పన్నెండింటికి పెట్టుకున్నాను. కంపెనీలలో ఇలాంటి పనులు రాత్రి చేస్తారు, మనుషులు నిద్రపోతారు కాబట్టి. గుంట సంగతి వేరు. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, మధ్యాహ్నానికి డీఓ నిండుగా ఉంటుంది. రాత్రి ఆ నాచూ, రొయ్యలూ, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులూ కలిసి అదే ఆక్సిజన్‌ను వాడుకుంటాయి, తెల్లవారుజామున అది అట్టడుగుకు చేరుతుంది. సరిగ్గా ఆ గంటల్లోనే నేను పెట్టెకు తాళం వేశాను. ఆ విషయం తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఈసారి కాపలా మనిషి చేతి మీటరుతో గట్టు మీద తిరుగుతుండగా, ప్రోగ్రాములు ఆపి, 12 నిమిషాల్లో కొత్త ఫైలును పాతదాని స్థానంలో పెట్టి మళ్లీ నడిపించాను. పాత ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తి పెట్టాను. అదే పూట సైరన్ దారిని కూడా మార్చాను. ఇప్పుడు రీడింగు రాగానే ముందు సైరన్ ప్రోగ్రాంకు నేరుగా అందుతుంది, ఆ తర్వాతే డేటాబేస్‌లోకి వెళుతుంది. ప్రాణం మీది పని డేటాబేస్ తాళం మీద ఆధారపడకూడదన్నది నేను మొదటే ఆలోచించవలసిన మాట.

ఇక ముందు ఏం చేయాలన్నదానికి దారి చిన్నాన్న మాటల్లోంచే దొరికింది. ఒక సాయంత్రం షెడ్డులో కూర్చుని ఇదంతా చెబుతుంటే, "పట్టుబడి అయినాక గుంట ఎండగట్టి, దున్ని, సున్నం చల్లి కొత్త నీళ్లు పెడతాం గదా. పాత నీళ్లని చెంబుతో తోడిపోస్తామా?" అన్నాడు. అప్పటి నుంచి పంటకొక ఫైలు చేశాను. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన రోజున కొత్త డేటాబేస్ ఫైలు మొదలవుతుంది, పట్టుబడి అయ్యాక అది మూసుకుంటుంది, దాని సగటులు చిన్న ఫైలులో చేరతాయి, పెద్ద ఫైలును మొత్తంగా పక్కకు తీస్తాము. ఫారిన్ కీలు ఒక ఫైలు నుంచి మరొక ఫైలుకు పనిచేయవు కనుక, రీడింగులూ వాటి హెచ్చరికలూ ఒకే పంట ఫైలులో ఉండేలా చూసుకున్నాను. రెండు పంటలను పోల్చి చూడాలంటే పాత ఫైలును అటాచ్ చేసుకుంటే సరిపోతుంది.

మొన్నటి పట్టుబడి తర్వాత మొదటిసారి ఆ విధంగా చేశాను. అరవై లక్షల పైచిలుకు వరుసలున్న ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి చేరాక, కార్డులో దాన్ని తీసేయడానికి సెకను కూడా పట్టలేదు. కొత్త సీడ్ వదిలిన తర్వాత ఒక రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. మరునాడు పొద్దున్నే వెళ్లి రాత్రి రెండు నుంచి ఐదు దాకా వచ్చిన వరుసలను లెక్కపెట్టాను. ఆరు గుంటల్లోనూ ఒక్కొక్కదానికి 1,080 ఉన్నాయి.